పాఠకుల ప్రశ్నలు: 14 పాల కేంద్రాలు, 14 కాపీలు

ప్రశ్న: మేము ముగ్గురు మిత్రులం పాల సేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇస్తున్నాము. రైతు పోసిన పాల తూకం, పాలను పరీక్షించే యంత్రం ఎనలైజర్ చూపిన ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం) తీసుకుని, రేటు కట్టి, చీటీ ముద్రించి, గడువు నాటికి బిల్లు వేయడం దాని పని. మొదటి కేంద్రానికి రాసినదాన్నే కాపీ చేసి, అక్కడక్కడా మార్చి, ఇప్పటికి 14 కేంద్రాలకు ఇచ్చాము. ఎనలైజర్లు మూడు రకాలు. రేటు కొన్నిచోట్ల ఫ్యాట్ మీదనే, కొన్నిచోట్ల ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండింటి మీద. బిల్లు కొందరికి పది రోజులకు, కొందరికి పదిహేను రోజులకు. ఎస్‌ఎంఎస్ కొందరే అడుగుతారు, దాణా బాకీని బిల్లులో కోయమని మరికొందరు అడుగుతారు. పైసలను సవరించే లెక్కలో తప్పు దొరికితే కొన్ని కాపీల్లో సరిదిద్ది, రెండింటిలో మరచిపోయి, రైతుల చేత మాటలు పడ్డాము. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్‌ను, అంటే అది ఏ భాగాలతో ఎలా అమరిందో, వర్ణించే భాషలు ఉన్నాయనీ, వాటిని అవసరాన్ని బట్టి పెంచుకోవచ్చనీ తెలిసినవారొకరు చెప్పారు. మా వంటి చిన్నవారికి అవి పనికి వస్తాయా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: ‘అక్కడక్కడా మార్చి’ అని మీరు తేలికగా రాసిన మాటలోనే మీ ఇబ్బంది అంతా ఉంది. రెండు కాపీలను పక్కపక్కన పెట్టి పోల్చితే కంప్యూటర్ మీకు తేడా ఉన్న వరుసలను చూపుతుందే తప్ప, ఆ తేడా ఎందుకు వచ్చిందో చెప్పదు. ఎస్‌ఎంఎస్ పంపే భాగం ఒక కేంద్రంలో ఉండి మరొకదానిలో లేకపోవడం కోరి పెట్టుకున్న తేడా. ఎనలైజర్‌ను చదివే భాగం అన్ని కేంద్రాల్లోనూ ఉండవలసిందే, కాకపోతే మూడింటిలో ఏదో ఒకటి ఉండాలి. కనుక అది వేరే జాతి తేడా. పైసల సవరణ సంగతి ఈ రెండూ కాదు. అది కాలాన్ని బట్టి వచ్చిన తేడా, అంటే ఒక కాపీ కొత్త లెక్కకు చేరింది, మరొకటి పాత లెక్క దగ్గరే ఆగిపోయింది. ఈ మూడు జాతులూ మీ 14 కాపీల్లో కలిసిపోయి ఉన్నాయి కాబట్టే, ఏది కావాలని చేసిన మార్పో ఏది మరచిపోయిన మార్పో మీలో ఎవరికీ తెలియడం లేదు. ఒకే మూలం నుంచి వచ్చి, తెలిసిన తేడాలతో వేరుపడే ఇటువంటి సాఫ్ట్‌వేర్ల కుటుంబాన్ని ప్రొడక్ట్ లైన్ అంటారు. మీకు తెలియకుండానే మీరు ఒక ప్రొడక్ట్ లైన్ నడుపుతున్నారు.

ఇక భాషల సంగతి. 1990లలో ఆర్కిటెక్చర్ వర్ణన భాషలు చాలానే వచ్చాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీలో డార్విన్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రైట్, స్టాన్‌ఫర్డ్‌లో రాపిడ్ పుట్టాయి. రైట్‌తో భాగాల మధ్య సంభాషణ నియమాలు కుదురుతాయా లేదా అని పరీక్షించవచ్చు, రాపిడ్‌తో సంఘటనల వరుసను నడిపించి చూడవచ్చు. దేని పని దానికి బాగానే చేసేవి. అయితే ఒక భాష రచయితలు ఊహించని వివరం ఒక్కటి మీకు కావలసి వచ్చినా, భాషనే మార్చాలి, దానితో పాటు దాన్ని చదివే పనిముట్లన్నిటినీ మార్చాలి. 1997 నాటికి కార్నెగీ మెలన్ వారి యాక్మీ అనే భాష ఈ భాషల మధ్య వర్ణనలను ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక మార్గం చూపింది. ప్రతి భాగానికీ మనకు తోచిన పేరు, విలువ తగిలించుకోవచ్చు. వాటి అర్థాన్ని మాత్రం యాక్మీ పట్టించుకోదు, ఆ వివరం ఎవరికి కావాలో ఆ పనిముట్టే దాన్ని అర్థం చేసుకోవాలి.

ఆ తెలిసినవారు మీకు చెప్పినది బహుశా ఎక్స్‌ఏడీఎల్ అనే వర్ణన భాష గురించి అయి ఉంటుంది. అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ డాషోఫీ, ఆండ్రే వాన్ డర్ హోక్, రిచర్డ్ టేలర్ దాని రెండో రూపాన్ని 2001లో వెలువరించారు. సమాచారాన్ని గుర్తుల మధ్య రాసే ఎక్స్ఎంఎల్‌లో ఏ వివరాలు ఎలా ఉండాలో చెప్పే నియమావళి, అంటే ఎక్స్ఎంఎల్ స్కీమా, ప్రమాణంగా స్థిరపడినదీ ఆ సంవత్సరమే. దాని ఆలోచన నాకు నచ్చుతుంది. భాషను ఒకే పెద్ద వ్యాకరణంగా కాక, చిన్న చిన్న స్కీమాలుగా కట్టారు. నడిమి స్కీమాలో కాంపొనెంట్లు (పని చేసే భాగాలు), కనెక్టర్లు (వాటి మధ్య సంభాషణను మోసేవి), ఇంటర్‌ఫేస్‌లు (అవి బయటికి తెరిచే ద్వారాలు), వాటిని కలిపే లింకులు మాత్రమే ఉంటాయి. ఉండవచ్చు లేదా ఉండకపోవచ్చు అనే భాగాలకు ఒక స్కీమా, పలు రూపాల్లో ఏదో ఒకటి ఎంచవలసిన భాగాలకు ఇంకొకటి, వెర్షన్లకు మరొకటి. నేను పైన చెప్పిన మూడు జాతుల తేడాలకు ఇక్కడ మూడు వేర్వేరు చోట్లు ఉన్నాయని మీరు గమనించే ఉంటారు. కావలసినవాటినే తెచ్చుకుని, లేనివాటిని మీరే రాసుకోవచ్చు. ఎనలైజర్ కాంపొనెంట్‌కు ఏ సీరియల్ పోర్టు, ఏ వేగం అన్న వివరం చేర్చాలంటే, ఉన్న రకాన్ని పొడిగిస్తూ మీ సొంత స్కీమా ఒకటి పెట్టుకుంటే చాలు, ఆ చేర్పు తెలియని పనిముట్టు దాన్ని పక్కన పెట్టి మిగతాది చదువుకుంటుంది.

ప్రొడక్ట్ లైన్‌కు అసలు ఆయువుపట్టు గార్డ్ అనే షరతు. కుటుంబం మొత్తానికీ ఒకే వర్ణన రాస్తారు. ఎస్‌ఎంఎస్ కాంపొనెంట్ పక్కన ‘ఎస్‌ఎంఎస్ కావాలంటే’ అని, మొదటి రకం ఎనలైజర్ రీడర్ పక్కన ‘ఎనలైజర్ మొదటి రకమైతే’ అని షరతు ఉంటుంది. ఒక కేంద్రం పేరు చెప్పి దాని విలువలు ఇవ్వగానే, ఎక్స్‌ఏడీఎల్‌తో పాటు వచ్చే ఆర్క్‌స్టూడియో అనే పనిముట్ల సంపుటిలో ఒకటి షరతులను లెక్కగట్టి నెగ్గినవాటిని ఎంచుతుంది, ఇంకొకటి ఆ ఎంపిక తరువాత దేనికీ అంటని భాగాలను కత్తిరిస్తుంది. మిగిలేది ఆ ఒక్క కేంద్రపు ఆర్కిటెక్చర్. కొన్ని విలువలే ఇచ్చి తక్కినవి తేల్చకుండా వదిలితే, మిగిలేది చిన్న కుటుంబం అవుతుంది. ఒకే డెయిరీకి పాలు పంపే కేంద్రాలకు రేటు పద్ధతినీ బిల్లు గడువునూ స్థిరం చేసి, ఎనలైజర్‌ను మాత్రం తెరిచి ఉంచవచ్చన్నమాట.

మీరు రాసిన తేడాలనే తీసుకుందాము. మూడు ఎనలైజర్లు, రెండు రేటు పద్ధతులు, రెండు బిల్లు గడువులు, ఎస్‌ఎంఎస్ ఉన్నా లేకున్నా, దాణా కోత ఉన్నా లేకున్నా, అంతా గుణిస్తే 48 రూపాలు. పదిహేనో కేంద్రం మీరు ఇంతవరకు చూడని కలయికను అడిగితే, కాపీల పద్ధతిలో అది ఇంకొక కాపీ, గార్డుల పద్ధతిలో అది ఐదు విలువల చిన్న జాబితా.

ఇంతా చెప్పి, ఆర్క్‌స్టూడియోను తెచ్చుకోమని మాత్రం నేను అనను. ముగ్గురు మనుషులకు ఎక్స్ఎంఎల్‌లో వందల వరుసల వర్ణనను చేతితో నిలుపుకోవడం భారం. పైగా ఆ వర్ణన ఒకచోట, కోడ్ ఒకచోట ఉంటే, ఒక సీజను తిరిగేసరికి వర్ణన పాత పంచాంగం అవుతుంది. ఈ విషయంలో ఫిలిప్స్ వారు టీవీల సాఫ్ట్‌వేర్ కోసం తయారుచేసుకున్న కోవాలా నుంచి నేర్చుకోవలసింది ఎక్కువ. డార్విన్ బాటలో వచ్చిన ఆ పద్ధతిలో ఏ మోడల్‌కు ఏది అన్న విలువలను కాంపొనెంట్లు బయటి నుంచి అడిగి తీసుకుంటాయి, దారి మళ్లించే స్విచ్‌లు ఉంటాయి. కోడ్‌ను కంపైల్ చేసి ప్రోగ్రామ్‌గా మార్చే సమయానికే ఆ విలువ తెలిసినప్పుడు స్విచ్ మాయమై నేరుగా ఒక కాంపొనెంట్‌కే దారి పడుతుంది, అవతలిది టీవీలోకి చేరదు. అక్కడ వర్ణన లేకుండా టీవీ తయారు కాదు, కనుక వర్ణనను ఎవరూ మరచిపోలేరు.

మీరు చేయగలిగినది ఇది. ముందు 14 కాపీలనూ ఒక్కొక్క తేడాగా చూసి, ఇది కోరినదా, కాలంతో వచ్చినదా, మరచిపోయినదా అని రాసుకోండి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అయినా తప్పించుకోవద్దు. నా అనుభవంలో సగానికి పైగా తేడాలు మరచిపోయినవే అని తేలుతుంది. తరువాత కోడ్‌ను ఒక్కటి చేసి, కోరిన తేడాలకే షరతులు పెట్టి, వాటిని మీకు అలవాటైన ఏ ఆకృతిలోనైనా ఒక్క ఫైలులో రాయండి. ప్రతి కేంద్రానికి విలువల జాబితా ఒకటి. బిల్డ్ స్క్రిప్టు ఆ ఫైలును చదవకుండా ఏ కేంద్రానికీ ప్రోగ్రామ్ తయారు చేయకూడదు. పైసల సవరణ లెక్కకు మాత్రం ఏ షరతూ పెట్టకండి. అది అందరికీ ఒకటే, ఒక్కచోటే ఉండాలి.

ప్రశ్న: నేను తిరుపతిలో ఎంసీఏ చదువుతున్నాను. ప్రాజెక్టు నివేదికలో సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని చూపే యూఎంఎల్ బొమ్మలు గీయమంటున్నారు. యూఎంఎల్ ఉండగా ఆర్కిటెక్చర్ వర్ణన భాషలు వేరుగా ఎందుకు?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: తొలి యూఎంఎల్‌లో క్లాసులకు ఉన్న స్పష్టత ఆర్కిటెక్చర్‌కు లేదు. వర్ణన భాషలు కనెక్టర్‌కు కాంపొనెంట్‌తో సమానమైన హోదా ఇచ్చాయి. రెండు భాగాల మధ్య ఉన్నది ఫంక్షన్ పిలుపా, సందేశాల వరుసా, ఇద్దరూ చదివే ఫైలా అన్నది వాటిలో ఉత్త గీత కాదు, లక్షణాలున్న వస్తువు. 2005 నాటి యూఎంఎల్ 2.0 భాగం బయటితో మాట్లాడే పోర్టులను, భాగం లోపలి అమరికను చూపే మిశ్రమ నిర్మాణ చిత్రాలను తెచ్చి ఆ దూరాన్ని చాలావరకు తగ్గించింది. ప్రొఫైళ్లు అనే చేర్పులతో యూఎంఎల్‌నూ పెంచుకోవచ్చు. మీ నివేదికకు యూఎంఎల్ చాలు. అయితే ప్రతి గీత మీదా అది ఏ రకపు కనెక్టరో రాయండి. బాణం గుర్తు పెట్టి వదిలేసిన నివేదికలో పరీక్షకుడు మొదట అడిగే ప్రశ్న అదే.

ప్రశ్న: ఈ వర్ణననంతా ఎక్స్ఎంఎల్‌కు బదులు జేసన్ అనే తేలికైన ఆకృతిలో రాసుకుంటే ఏమి పోతుంది?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రాయడానికీ చదవడానికీ సుఖంగా ఉంటుంది. ఒక రకాన్ని తీసుకుని దాని నుంచి కొత్త రకాన్ని పొడిగించే సౌకర్యం ఎక్స్ఎంఎల్ స్కీమాలో భాషలోనే ఉంది, జేసన్ స్కీమాలో ఉన్నవాటిని కలిపి అటువంటి ఫలితం రాబట్టుకోవాలి. నలుగురు వేర్వేరు చోట్ల ఆ భాషను పెంచుతూ పోతారనుకుంటే ఈ తేడా పెద్దదే. పైన పలమనేరు మిత్రులకు మాత్రం జేసన్‌నే ఎంచుకోమంటాను.