చేప అండం పక్వమయ్యేటప్పుడు స్టెరాయిడ్ హార్మోన్ కణం లోపలికి వెళ్లి పనిచేస్తుందా?

లేదు, ఇక్కడ పాఠ్యపుస్తకాల్లోని మామూలు సూత్రం పనిచేయదు. స్టెరాయిడ్లు కొవ్వులో కరుగుతాయి కాబట్టి కణత్వచాన్ని దాటి, లోపలి గ్రాహకాలకు (హార్మోన్‌ను గుర్తించే ప్రొటీన్లకు) అతుక్కుని, జన్యువులను మేల్కొల్పుతాయని చదువుకుంటాం. కానీ గోల్డ్‌ఫిష్ అండం లోపలికి ఆ హార్మోన్‌ను సన్నని సూదితో నేరుగా ఎక్కిస్తే ఏ మార్పూ రాదు. అండం చుట్టూ ఉన్న ద్రవంలో కలిపితే మాత్రం పక్వమవుతుంది. అంటే గ్రాహకం పైపొరలోనే ఉందన్నమాట. 2003లో సీట్రౌట్ అనే సముద్రచేపలో అలాంటి గ్రాహకాన్ని గుర్తించారు కూడా.

వరుస ఇలా ఉంటుంది. పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే ఎల్‌హెచ్ (లూటినైజింగ్ హార్మోన్), అండాన్ని చుట్టుకుని ఉండే ఫాలికల్ కణాల గ్రాహకాలను తాకుతుంది. వాటిలో సైక్లిక్ ఏఎంపీ అనే, కణం లోపల సందేశాలు మోసే చిన్న అణువు పెరిగి, పక్వతను ప్రేరేపించే స్టెరాయిడ్ తయారవుతుంది. అది పక్కనే ఉన్న అండం పైపొరకు చేరి జి-ప్రొటీన్ (గ్రాహకం నుంచి సంకేతాన్ని కణం లోపలికి అందించే ప్రొటీన్) ద్వారా సంకేతం పంపుతుంది. తమాషా ఏమిటంటే, అండంలో సైక్లిక్ ఏఎంపీ తగ్గాలి! ఒకే సందేశవాహక అణువు, పక్కపక్క కణాల్లో పూర్తిగా వ్యతిరేక దిశలు. అది తగ్గాక కణవిభజనను నడిపించే సైక్లిన్-బి ప్రొటీన్ తయారీ మొదలై, దానితో జతకట్టే కైనేజ్ అనే ఎంజైమ్ చురుకై, కేంద్రకం పొర కరిగిపోయి క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే విభజన) ముందుకు సాగుతుంది.