ప్లగిన్ టేబుల్‌కి ఏ కొలేషన్ పెట్టాలి? జాయిన్‌లో 1267 ఎర్రర్, సేవ్ కాని ఇమోజీ

మీ సమస్యలు రెండు. మీ వర్డ్‌ప్రెస్ ప్లగిన్ సొంత టేబుల్‌ని పోస్ట్‌మెటా అనే కోర్ (వర్డ్‌ప్రెస్ సొంత) టేబుల్‌తో జాయిన్ చేస్తే, అంటే ఒకే క్వెరీలో కలిపితే, 'ఇల్లీగల్ మిక్స్ ఆఫ్ కొలేషన్స్' అంటూ 1267 ఎర్రర్ వస్తోంది (కొలేషన్ అంటే అక్షరాలను పోల్చే, వరుస పెట్టే నియమాలు). తెలుగు వ్యాఖ్యలో ఇమోజీ ఉంటే అది సేవ్ కావడం లేదు. అన్ని టేబుళ్లనీ ఒక్కసారిగా యూటీఎఫ్8ఎంబీ4కి (అక్షరానికి 4 బైట్ల దాకా ఇచ్చే క్యారెక్టర్ సెట్, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) మార్చేస్తే సరిపోతుందా అని అడిగారు. చివరికి చేయాల్సింది దాదాపు అదే. కానీ కాలమ్‌లో నిజంగా ఏ బైట్లు ఉన్నాయో చూడకుండా మారిస్తే బాగున్న తెలుగు కూడా పాడవుతుంది.

ముందు ఇమోజీ సంగతి. మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం 'యూటీఎఫ్8' అన్నది ఒక్కో అక్షరానికి 3 బైట్ల వరకే ఇచ్చే రకం. ఇప్పుడు దాన్ని యూటీఎఫ్8ఎంబీ3 అంటున్నారు. తెలుగు కోడ్ పాయింట్లకు (యూనికోడ్ ఒక్కో గుర్తుకిచ్చే సంఖ్యలకు) ఒక్కొక్కదానికి సరిగ్గా 3 బైట్లు చాలు. అందుకే పాత టేబుల్‌లో తెలుగు ఏళ్లతరబడి బాగానే నడుస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. చాలా ఇమోజీలకు 4 బైట్లు కావాలి. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాను తిరస్కరించే సర్వర్ సెట్టింగ్) ఉంటే సర్వర్ 1366 ఎర్రర్ ఇస్తుంది. లేకపోతే ఇమోజీ దగ్గర్నుంచి మిగతా పాఠమంతా కోసేసి, ఒక వార్నింగ్‌తో సరిపెడుతుంది. దీనికి తోడు వర్డ్‌ప్రెస్ 4.2 నుంచి డబ్ల్యూపీడీబీలోని (డేటాబేస్‌తో మాట్లాడే వర్డ్‌ప్రెస్ క్లాస్) ఇన్సర్ట్, అప్‌డేట్ ఫంక్షన్లు కాలమ్ క్యారెక్టర్ సెట్ చూసుకుని, అందులో పట్టని అక్షరం కనబడితే క్వెరీ పంపకుండానే 'ఫాల్స్' ఇస్తాయి. ఆ ఫలితాన్ని చూడని ప్లగిన్ 'సేవ్ అయింది' అని చెబుతుంది, టేబుల్‌లో మాత్రం రో ఉండదు. మీ ప్లగిన్‌లో ముందు వెతకాల్సింది ఇదే.

1267 ఎర్రర్‌కి సాధారణంగా ఎవరి తప్పూ ఉండదు. 2015లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.2 కోర్ టేబుళ్లను 'యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_సీఐ'కి మార్చింది, ప్లగిన్ల టేబుళ్ల జోలికి పోలేదు. 4.6 నుంచి కొత్తగా సృష్టించే టేబుళ్లకు, సర్వర్‌లో ఉంటే, 'యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_520_సీఐ' వస్తోంది. కాబట్టి పాత సైట్‌లో కొత్త ప్లగిన్ పెట్టగానే ఒకే డేటాబేస్‌లో రెండు కొలేషన్లు చేరతాయి. మూడోది కూడా రావచ్చు: 'క్రియేట్ టేబుల్'లో క్యారెక్టర్ సెట్ ఒక్కటే రాసి కొలేషన్ వదిలేస్తే మైఎస్‌క్యూఎల్ 8.0 తన డిఫాల్ట్ '0900_ఏఐ_సీఐ'ని పెడుతుంది. అలాంటి టేబుల్ డంప్‌ని (డేటాబేస్‌ని ఫైల్‌గా తీసిన నకలు) మైఎస్‌క్యూఎల్ నుంచి చీలిన మారియాడీబీ పాత వెర్షన్‌లోకి ఎక్కిస్తే ఆ కొలేషన్ తెలియదంటూ 1273 ఎర్రర్‌తో ఆగిపోతుంది.

నిర్ధారించుకోవడానికి 'షో టేబుల్ స్టేటస్' మీద ఆధారపడకండి. అది చూపేది టేబుల్ డిఫాల్ట్ మాత్రమే. పోలికలో లెక్కకొచ్చేది కాలమ్ కొలేషన్. 'షో ఫుల్ కాలమ్స్ ఫ్రమ్' తర్వాత టేబుల్ పేరు ఇచ్చి, జాయిన్‌లో తలపడే రెండు కాలమ్‌లనీ చూడండి. ఒకవైపు యూటీఎఫ్8ఎంబీ3, మరోవైపు ఎంబీ4 ఉంటే మామూలుగా ఎర్రర్ రాదు, మైఎస్‌క్యూఎల్ చిన్నదాన్ని పెద్దదానికి మార్చి పోలుస్తుంది. కానీ అలా మార్చిన కాలమ్ మీది ఇండెక్స్ పనికిరాకుండా పోయి క్వెరీ నత్తనడక నడుస్తుంది. క్వెరీలోనే 'కొలేట్' అని రాసి 1267ని తప్పించినా, ఏ కాలమ్‌కి రాశారో దాని ఇండెక్స్‌కి అదే గతి. అత్యవసరానికి తప్ప దాన్ని నేను పరిష్కారంగా ఒప్పుకోను.

ఇప్పుడు బైట్లు. తెలుగు ఉన్న ఒక రో తీసుకుని 'హెక్స్' ఫంక్షన్‌తో చూడండి. 'త' అక్షరం యూటీఎఫ్-8లో ఈ0 బీ0 ఏ4. కాలమ్ యూటీఎఫ్8 అయి, ఇవే బైట్లు కనబడితే నేరుగా మార్చవచ్చు. కాలమ్ లాటిన్1 (అక్షరానికి ఒకే బైట్ ఇచ్చే పాత క్యారెక్టర్ సెట్) అయి ఇవే బైట్లు ఉంటే, కింద చెప్పే 'కన్వర్ట్ టు' కమాండ్ వాడకండి. ఆ బైట్లను లాటిన్ అక్షరాలుగా అనుకుని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. ముందు కాలమ్‌ని బైనరీ రకానికి (వార్‌క్యార్ అయితే వార్‌బైనరీ, టెక్స్ట్ అయితే బ్లాబ్) మార్చి, అక్కడి నుంచి యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌కి తేవాలి. కాలమ్ రకం మార్చే ప్రతి 'మాడిఫై'లోనూ 'నాట్ నల్', 'డిఫాల్ట్' మళ్లీ రాయాలి, లేకపోతే అవి ఎగిరిపోతాయి. కాలమ్ యూటీఎఫ్8 అయి సీ3 ఏ0 సీ2 బీ0 సీ2 ఏ4 కనబడితే అప్పటికే రెండుసార్లు ఎన్‌కోడ్ అయిందన్నమాట. దాన్ని లాటిన్1కి కన్వర్ట్ చేసి, బైనరీగా క్యాస్ట్ చేసి, తిరిగి యూటీఎఫ్8ఎంబీ4గా చదివించాలి. వరసగా 3ఎఫ్‌లు ఉంటే అవి నిజమైన ప్రశ్నార్థకాలే. పాత బ్యాకప్ తప్ప దారి లేదు.

బ్యాకప్ తీసేటప్పుడు డంప్‌కి డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా ఇవ్వండి. మైఎస్‌క్యూఎల్ 5.7 దాకా డంప్ డిఫాల్ట్ పాత యూటీఎఫ్8 కాబట్టి బ్యాకప్‌లోనే ఇమోజీలు పోతాయి.

మార్చే కమాండ్ 'ఆల్టర్ టేబుల్ … కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 కొలేట్ …'. 'కన్వర్ట్ టు' లేకుండా 'డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్' అని రాస్తే ఇకముందు చేర్చే కాలమ్‌లకే వర్తిస్తుంది, ఉన్నవి అలాగే ఉంటాయి. ఎంబీ3 నుంచి మారుస్తున్నప్పుడు టెక్స్ట్ కాలమ్ మీడియంటెక్స్ట్‌గా మారితే కంగారు పడకండి, పాతన్ని అక్షరాలు పట్టాలని సర్వరే అలా చేస్తుంది.

ఇక్కడ ఇండెక్స్ మరీ పొడవైందనే 1071 ఎర్రర్ అడ్డు రావచ్చు. పాత కాంపాక్ట్ రో ఫార్మాట్‌లో ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే ఇంజిన్) ఇండెక్స్ కాలమ్‌కి హద్దు 767 బైట్లు. వార్‌క్యార్ 255కి ఎంబీ3లో 765 బైట్లు, సరిపోతుంది. ఎంబీ4లో 1020, సరిపోదు. వర్డ్‌ప్రెస్ కోడ్‌లో కనబడే 191 సంఖ్య ఇక్కడిదే: 191×4 = 764. కాలమ్‌ని కుదించకుండా ఇండెక్స్‌కి 191 ప్రిఫిక్స్ ఇవ్వండి, అంటే మొదటి 191 అక్షరాలనే ఇండెక్స్ చేయించండి. లేదా రో ఫార్మాట్‌ని డైనమిక్ చేయండి, హద్దు 3072 అవుతుంది, మైఎస్‌క్యూఎల్ 5.7లో డిఫాల్టే అది, 5.6లో అయితే లార్జ్ ప్రిఫిక్స్ సెట్టింగ్ కూడా ఆన్ చేయాలి. యూనిక్ ఇండెక్స్‌కి మాత్రం ప్రిఫిక్స్ వద్దు, మొదటి 191 అక్షరాలు కలిసిన రెండు వేర్వేరు విలువల్ని అది డూప్లికేట్ అంటుంది.

యూనిక్ కాలమ్‌లతో తెలుగుకు ప్రత్యేకంగా మరో చిక్కుంది. పాత కొలేషన్ 'జనరల్_సీఐ'కి జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు) కూడా ఒక అక్షరమే. 'యూనికోడ్_సీఐ', '520' దాన్ని లెక్కచేయవు. కాబట్టి కంటికి ఇంచుమించు ఒకేలా ఉన్న రెండు ట్యాగులు పాత టేబుల్‌లో వేరువేరుగా బతికి, మార్చేటప్పుడు 1062 డూప్లికేట్ ఎర్రర్‌తో బయటపడతాయి. ఆ కాలమ్‌ని కొత్త కొలేషన్‌తో 'గ్రూప్ బై' చేసి, ఒకటి కంటే ఎక్కువ వచ్చినవాటిని ముందే కలిపేయండి.

ఏ కొలేషన్ ఎంచుకోవాలన్నదానికి నా జవాబు: మీ టేబుల్ ఎవరితో జాయిన్ అవుతుందో వాళ్లది. ఇక్కడైతే మీ సైట్ పోస్ట్‌మెటా టేబుల్‌ది. 520 ఇమోజీలను వేరువేరుగా గుర్తిస్తుంది, పాత యూనికోడ్_సీఐకి అవన్నీ ఒకటే. అయినా ఆ ఒక్క లాభం కోసం కోర్ టేబుళ్లతో తేడా తెచ్చుకోను.

ప్లగిన్ కోడ్‌లో క్యారెక్టర్ సెట్ పేరు చేత్తో రాయకుండా డబ్ల్యూపీడీబీలోని 'గెట్_చార్‌సెట్_కొలేట్' ఇచ్చింది వాడండి. పాత సైట్లలో అది 520 ఇస్తుంది కాబట్టి, టేబుల్ సృష్టించాక జాయిన్ కాలమ్‌ని పోల్చిచూసి, తేడా ఉంటే అప్పుడే 'ఆల్టర్' చేయాలి. 'డీబీడెల్టా'ని (టేబుళ్లను సృష్టించే, సరిచేసే వర్డ్‌ప్రెస్ ఫంక్షన్) మళ్లీ నడిపితే సరిపోతుందని అనుకోవద్దు, ఉన్న టేబుల్ కొలేషన్‌ని అది ముట్టుకోదు. టోకెన్లు, హ్యాష్‌లు దాచే కాలమ్‌లను ఈ గొడవలోంచి పూర్తిగా తప్పించి 'యాస్కీ_బిన్' చేయండి: 64 అక్షరాల హ్యాష్ ఇండెక్స్‌కి 64 బైట్లే పడతాయి, పెద్ద చిన్న అక్షరాల తేడా ఉన్న రెండు టోకెన్లు ఒకటిగా సరిపోలవు.