బ్రాంచి మారవద్దు, సివిల్‌లోనే దారి ఉంది

తమ్ముడూ, విజయనగరంలో సివిల్ రెండో ఏడు చదువుతున్నావు, మనసేమో రవాణా వ్యవస్థల ఇంజనీరింగ్ మీద ఉంది, ఆ పేరుతో మీ కాలేజీలో బీటెక్ లేదు కాబట్టి బ్రాంచి మారాలా అని అడిగావు. వద్దు. మన దేశంలో అది ఎక్కువగా ఎంటెక్‌లోనే విడి శాఖ అవుతుంది. వరంగల్ ఎన్ఐటీ, మద్రాసు ఐఐటీ లాంటి చోట్ల సివిల్ చదివినవాళ్లు ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి చేరుతారు. ఆ గేట్ సివిల్ పేపర్లో కూడా రవాణా ఒక విభాగమే.

ఈలోగా తారు, కంకర దగ్గరే ఆగిపోకు. సంభావ్యత, గణాంకాలు, పైథాన్ ప్రోగ్రామింగ్ గట్టిగా పట్టు. సివిల్ వాళ్లు ముఖం చాటేసేది సరిగ్గా అక్కడే!

ప్రాజెక్టు కోసం ఎక్కడికో పరుగెత్తనక్కరలేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. రైలు దిగినవాళ్లు పట్నానికి బస్సెక్కుతారా, ఆటో ఎక్కుతారా? ఎంతసేపు నిలబడతారు, ఎంత చెల్లిస్తారు? అడిగి రాసుకో. ఎన్ని ప్రయాణాలు, ఎక్కడికి, ఏ వాహనంలో, ఏ దారిలో అని వరసగా అంచనా వేసే నాలుగు దశల ప్రయాణ నమూనాలో మూడోదైన వాహన ఎంపిక ఇదే.

అది పెద్ద పని అనిపిస్తే మీ విజయనగరం మూడు లాంతర్ల కూడలిలో వాహనాలు లెక్కపెట్టు. 15 నిమిషాలకో గడి, బండి రకానికో వరుస. బండికో గీత: నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. ప్రయాణికుల కోసం ఆటో ఉన్నట్టుండి ఆగితే వెనక ఎన్ని బండ్లు నిలిచాయో పక్కన రాయి. ఆ అంకెలను జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్ఆర్ ఉచితంగా ఇచ్చే, ట్రాఫిక్‌ను కంప్యూటర్‌లో అనుకరించే సుమో సాఫ్ట్‌వేర్‌లో వేసి నడిపించు.