మహారాష్ట్రలోని సిరొంచలో బిడ్డకు టీకాలు వేయిస్తే డబ్బులు వస్తాయా?

వస్తాయి, కానీ సూదికి ఇంత అని కాదు. టీకాలు ఎలాగూ ఉచితమే. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హత ఉన్నవాళ్లకు తొలి కాన్పుకు రూ.5,000 ఇస్తారు. గర్భం నమోదు చేయించుకున్నాక మొదట 3,000. మిగతా 2,000 మాత్రం జనన నమోదు అయ్యి, బిడ్డకు బీసీజీ (క్షయ టీకా), పోలియో, 14 వారాలకు వేసే మూడో పెంటావాలెంట్ (కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బులను ఆపే టీకా) డోసు దాకా పడ్డాకే, అదీ తల్లి ఖాతాలోకే. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి వేస్తారు.

మన దగ్గర కాన్పుకు గోదావరి దాటి తెలంగాణలోని పుట్టింటికి వెళ్లేవాళ్లు ఉంటారు. అక్కడ సూది వేయిస్తే కార్డులో తేదీ తప్పకుండా రాయించుకోండి, వచ్చేటప్పుడు కార్డు మర్చిపోకండి. పత్తి ఏరే రోజుల్లో పదో వారం పెంటావాలెంట్ డోసు వాయిదా వేయకండి. డబ్బు ఆలస్యమైనా ఫర్వాలేదు, కోరింత దగ్గు పసిబిడ్డకు ప్రాణాంతకం.