చలికి పళ్లు జివ్వుమంటుంటే ముందు ఎక్కడ చూసుకోవాలి?

డిసెంబరు వస్తే చాలు, పొద్దున్నే కొళాయి నీళ్లు పుక్కిలించగానే పళ్లు జివ్వుమంటున్నాయని, పెదవులు పగులుతున్నాయని, లేచేసరికి నోరు ఎండిపోతోందని, ఏం చేయాలని కొందరు అడిగారు. మూడింటికీ చలే కారణమనుకుంటాం. కానీ పంటిని చలి పాడుచేయదు, పాడైన చోటును పట్టిస్తుంది. ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, బాగున్న పన్ను ఆదిలాబాద్ చలిలోనైనా, లంబసింగి చలిలోనైనా అంత తేలిగ్గా జివ్వుమనదు.

అద్దం ముందు నిలబడి, ఫోన్ లైటు వేసుకుని, పెదవి పైకెత్తి పన్నూ చిగురూ కలిసే చోట చూడండి. అక్కడ పన్ను మిగతా భాగం కన్నా పసుపుగా ఉందా? గోటితో కిందికి మెల్లగా గీస్తే చిన్న గాడిలో ఆగుతోందా? ఆ బయటపడ్డ లోపలి పొరే డెంటిన్. గారతో పొరబడకండి. గార గరుకుగా, పైకి పేరుకుని ఉంటుంది, డెంటిన్ లోపలికి అరిగి ఉంటుంది. దాన్నిండా కంటికి కనిపించని గొట్టాలుంటాయి. చల్లగాలి తగిలితే వాటిలోని ద్రవం కదులుతుంది, ఆ కదలికే నరానికి జివ్వుమని తెలుస్తుంది. ఈ గాడి ఎక్కువగా కోరపళ్లకు, వాటి వెనక పళ్లకు పడుతుంది. కుడిచేత్తో తోముకునేవాళ్లకు ఎడమవైపు ఎక్కువ, ఎందుకంటే చెయ్యి బలం అక్కడ పడుతుంది.

కాబట్టి మొదట మార్చాల్సింది బ్రష్షు. సాఫ్ట్ అని రాసి ఉన్నది తీసుకోండి. కుచ్చును చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనించి, ఉన్నచోటే చిన్నగా కదిపి, పంటి కొనవైపు ఊడ్చండి. రంపంలా అడ్డంగా లాగొద్దు. మొత్తం 2 నిమిషాలు చాలు. వేపపుల్ల వాడినా ఇదే పద్ధతి, కొసను బాగా నమిలి మెత్తబరిచాకే వాడాలి. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు వేసి రుద్దడం మాత్రం దయచేసి మానేయండి. తెల్లబడినట్టు కనిపించేది అరుగుదలే.

పేస్టు కొనేటప్పుడు ట్యూబు వెనక పొటాషియం నైట్రేట్ 5 శాతం ఉందేమో చూడండి. అది నరాన్ని నెమ్మదింపజేస్తుంది, అందుకే నాలుగు రోజుల్లో తేడా తెలియదు. రోజుకు రెండుసార్లు చొప్పున 2 నుంచి 4 వారాలు వాడాలి. వారానికే పనిచేయలేదని మానేసేవాళ్లే ఎక్కువ. స్టానస్ ఫ్లోరైడ్ గానీ ఆర్జినిన్ గానీ ఉన్న పేస్టులైతే డెంటిన్‌లోని ఆ గొట్టాల మూతులనే పూడుస్తాయి. ఏది వాడినా తోముకున్నాక ఉమ్మేసి ఊరుకోండి, చెంబెడు నీళ్లతో పుక్కిలిస్తే మందంతా పోతుంది. రాత్రి పడుకోబోయే ముందు శనగగింజంత పేస్టు వేలితో ఆ గాడి మీద రాసి వదిలేయండి. గాడి లోతుగా ఉంటే పేస్టుతో తీరదు, డెంటిస్టు దాన్ని ఫిల్లింగ్‌తో పూడ్చాలి.

ఈ కాలంలోనే ఉసిరికాయలు, కమలాలు, రేగిపళ్లు వస్తాయి. అవి తిన్నాక పళ్లు పులిశాయంటామే, అప్పుడు ఎనామిల్ పైపొర మెత్తబడి ఉంటుంది. వెంటనే బ్రష్షు పెడితే ఆ పొర లేచిపోతుంది. మామూలు నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోండి. సంక్రాంతి అరిసెలు, నువ్వుండలు తిన్న రాత్రి పళ్ల సందులు ఫ్లాస్‌తో, అంటే సందుల్లో దూర్చే సన్నటి దారంతో, శుభ్రం చేసుకోవాలి. పెద్ద ఫిల్లింగ్ ఉన్న పంటితోనూ, రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకోని పంటితోనూ చెరకు చీల్చొద్దు, సకినాలు కొరకొద్దు. అలాంటి పన్ను నిలువునా చీలితే చాలాసార్లు తీసేయడం తప్ప దారి ఉండదు.

ఇక నోరు ఎండడం. చలికాలంలో పళ్లకు అసలు నష్టం దీనివల్లే. లాలాజలం ఆమ్లాన్ని కడిగేస్తుంది, నిద్రలో లాలాజలం ఎలాగూ తగ్గుతుంది. ముక్కు బిగుసుకుని నోటితో గాలి పీల్చుకుంటే ఉన్న కాస్తా ఆరిపోతుంది. జలుబుకు వేసుకునే సెటిరిజిన్ లాంటి మాత్రలూ నోటిని ఎండబెడతాయి. పడుకోబోయే ముందు ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వేసుకోండి. దాహం లేదని నీళ్లు మానొద్దు, గంటకోసారైనా రెండు గుక్కలు గోరువెచ్చగా తాగండి. దగ్గు సిరప్‌లలో చాలావాటిలో చక్కెర ఉంటుంది, కనుక బ్రష్షుకు ముందే తాగాలి, తర్వాత కాదు. చప్పరించే బిళ్లను బుగ్గన పెట్టుకుని నిద్రపోకూడదు. ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్హేలర్ వాడేవాళ్లు ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి ఫంగస్ పట్టొచ్చు.

పెదవులు నాకితే ఉమ్మి ఆరుతూ ఉన్న తడినీ లాక్కుపోతుంది. రాత్రి పెదవి కాస్త తడిగా ఉండగానే వ్యాజలీన్ గానీ నెయ్యి గానీ రాయండి, లేచిన పొట్టు పీకొద్దు. నోటి మూలలు రెండు వారాలైనా మానకుండా చిట్లుతుంటే అది ఒట్టి చలి కాదు. ఫంగసో, ఐరన్ లేదా బి విటమిన్ల లోపమో, కట్టుడు పళ్లు వదులవడమో కావచ్చు.

జివ్వుమనడం కొన్ని సెకన్లలో పోతే పైన చెప్పినవి చేస్తూ ఉండండి. నిమిషం దాటి నొప్పి నిలిచినా, వేడి టీకి పోటు వచ్చినా, రాత్రి నిద్ర లేపినా సమస్య నరం దాకా వెళ్లినట్టే, డెంటిస్టు దగ్గరికి వెళ్లడానికి ఆలస్యం చేయొద్దు. ఈలోపు లవంగనూనె ఒక చుక్క దూదికి అద్ది పన్ను మీదే పెట్టండి, చిగురుకు తగిలితే కాలుతుంది. పడిశం ఉన్నప్పుడు పై దవడ వెనక పళ్లు రెండు మూడు కలిసి నొప్పి పుట్టి, వంగితే పెరిగితే అది సైనస్ నొప్పి కావచ్చు, పన్ను పీకించుకోవడానికి తొందరపడొద్దు. చెంప వాచి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.