కొనేవాడు ఒక్కడే అయితే: వ్యవసాయ మార్కెట్లపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది చింతలపూడి ప్రాంతం. పామాయిల్ తోట పెట్టి పదహారేళ్లయింది. మా మండలం ఏ ఫ్యాక్టరీ జోన్‌లో ఉంటే ఆ ఫ్యాక్టరీకే గెలలు తోలాలని చట్టమట. సరిహద్దు దాటితే తెలంగాణలోని అశ్వారావుపేటలో ధర ఎక్కువగా ఉన్న సంవత్సరాలు మాకు తెలుసు. పోటీ ఉంటేనే రైతుకు ధర వస్తుందని అందరూ చెబుతారు కదా, మరి పోటీ లేకుండా ప్రభుత్వమే ఎందుకు కట్టడి చేసింది?
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: మీరు చెబుతున్నది నిజమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో వచ్చిన ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఒక్కొక్క ప్రాంతాన్ని ఒక్కొక్క ఫ్యాక్టరీకి కేటాయిస్తారు. ఆ ప్రాంతంలోని రైతు ఆ ఫ్యాక్టరీకే గెలలు ఇవ్వాలి, ఫ్యాక్టరీ కూడా రైతు తెచ్చిన గెలలను కొనక తప్పదు. కొనేవాడు ఒక్కడే ఉన్న ఇలాంటి మార్కెట్‌ను అర్థశాస్త్రంలో మోనోప్సొనీ అంటారు. అమ్మేవాడు ఒక్కడే ఉంటే గుత్తాధిపత్యమని మనం వెంటనే గుర్తుపడతాం. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు జరిగే నష్టం మాత్రం రైతుకు తప్ప మిగతావాళ్లకు కంటికి ఆనదు.

అయితే ఈ పరిస్థితి చట్టం వల్ల మాత్రమే పుట్టలేదు, దీని వేరు గెలలోనే ఉంది. కోసిన గెలను ఒక రోజులోపు మిల్లులో ఆవిరికి పెట్టకపోతే పండులో ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. ధాన్యంలాగా గాదెలో పోసుకోవడానికీ, పసుపులాగా ధర వచ్చేదాకా ఆగడానికీ వీలులేని సరుకు ఇది. కాబట్టి ఎన్ని మిల్లులున్నా, సగటు రైతుకు అందుబాటులో ఉండేది ట్రాక్టరు పూటలో వెళ్లి రాగల దూరంలోని మిల్లు ఒక్కటే. అటు మిల్లు పెట్టినవాడికీ భయం ఉంది: కోట్లు పెట్టి యంత్రాలు దించాక గెలలు పక్కదారి పడితే మిల్లు సగం సామర్థ్యంతో నడుస్తుంది. మొక్క నాటిన నాలుగో ఏడు దాకా సరైన కాపు రాదు, వచ్చాక పాతికేళ్లకు పైగా తోటను తీసేయలేం. ఇద్దరూ ఇలా ఒకరికొకరు కట్టుబడిపోయిన చోట, నర్సరీలు పెట్టించి మిల్లులను రప్పించడానికి జోన్ పద్ధతి అవసరమైంది. చెరకుకు ఫ్యాక్టరీ ప్రాంతాలను కేటాయించడం వెనుక ఉన్న కారణం కూడా ఇలాంటిదే.

పోటీని తీసేసినప్పుడు దాని స్థానంలో మరొకటి పెట్టాలి. ఇక్కడ పెట్టింది ధర సూత్రం. మీరంతా ఓఈఆర్ అని పిలిచేది, అంటే వంద కిలోల గెలల నుంచి ఎన్ని కిలోల ముడి నూనె వస్తుందన్న లెక్క, ఆ సూత్రానికి గుండెకాయ లాంటిది. ఒక్క శాతం తేడా ఎంత చేస్తుందో చూడండి. టన్ను గెలలకు ఒక శాతం అంటే పది కిలోల నూనె. ముడి నూనె టన్ను లక్ష రూపాయలుంటే ఆ పది కిలోలు వెయ్యి రూపాయలు. అందులో నాలుగింట మూడొంతులు రైతువనుకున్నా టన్నుకు 750 రూపాయలు. ఎకరాకు ఏడాదికి ఎనిమిది టన్నులు తీసే రైతుకు అది ఆరు వేలు. ఆంధ్ర, తెలంగాణల ఓఈఆర్ తేడా మీద మీ ప్రాంత రైతులు ఏళ్ల తరబడి ఆందోళన చేయడంలో న్యాయం ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక మిల్లు గెలల సేకరణ కేంద్రంలో కొన్ని గంటలు నిలబడి చూశాను. లారీ వెనుక తలుపు తీయగానే గెలలతో పాటు రాలిన పండ్లు జలజలా నేల మీద పడ్డాయి. రైతు వాటిని వంగి ఒక్కొక్కటీ ఏరుకుని బస్తాలో వేసుకుంటున్నాడు, ఎందుకంటే పండిన గెలలో నూనె ఎక్కువ ఉండేది ఆ రాలిన పండ్లలోనే. కాటా దగ్గర ఉన్న గుమస్తా మాత్రం కాడ పొడవుగా ఉందనీ, గెల పచ్చిగా ఉందనీ తగ్గింపు రాసుకుంటున్నాడు. కాటా, నాణ్యత నిర్ణయం, నూనె శాతం కొలత మూడూ కొనేవాడి చేతిలో ఉండడమే ఈ మార్కెట్‌లోని అసలు లోపం. అందువల్ల మీరు మొదట అడగవలసింది రెండో మిల్లును కాదు. ఓఈఆర్‌ను మిల్లుతో సంబంధం లేని సంస్థ ప్రతి సీజన్‌లో కొలవాలని, కాటా దగ్గర రైతు ప్రతినిధి ఉండాలని అడగండి. రెండో మిల్లు వచ్చినా కొలత దాని చేతిలోనే ఉంటే మీకు దక్కేది స్వల్పమే.

ఇంకొక మాట. కేంద్రం 2021లో 11,040 కోట్ల రూపాయలతో ప్రకటించిన వంట నూనెల పథకంలో ముడి నూనె ధరలో 14.3 శాతాన్ని గెలల ధరకు ఆధారంగా తీసుకున్నారు. ముడి నూనె టన్ను లక్ష ఉంటే గెలలకు టన్నుకు 14,300 అన్నమాట. గత ఐదేళ్ల ధరలను బట్టి కట్టిన గిట్టుబాటు ధర కన్నా మార్కెట్ ధర పడిపోతే ఆ తేడాను ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. అయినా ముడి నూనె ధరను నడిపించేది ఇండోనేషియా, మలేషియాల నుంచి వచ్చే సరుకు, దాని మీద దిగుమతి సుంకం. 2024 సెప్టెంబరులో ఆ సుంకాన్ని మొత్తంగా 27.5 శాతానికి పెంచారు, 2025 మే నెలాఖరులో 16.5కు తగ్గించారు. కాబట్టి సుంకం మారిన వార్తను కూడా పామాయిల్ రైతు తన పొలం వార్తగానే చదవాలి.

ప్రశ్న: పరిపూర్ణ పోటీకి వ్యవసాయ మార్కెట్‌ను మా పుస్తకం ఉదాహరణగా చెబుతోంది. వందల మంది వ్యాపారులున్న గుంటూరు మిర్చి యార్డు అలాంటిదేనా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: కాదు. పరిపూర్ణ పోటీ అంటే సరుకంతా ఒకేలా ఉండాలి, ధర సంగతి అందరికీ తెలియాలి, ఎవరైనా ఎవరికైనా అమ్మగలగాలి. రకాల మాటే తీసుకుంటే, తేజ, 334, 341, బాడిగ, తాలు అని ధర కాయకాయకూ మారుతుంది. వ్యాపారి టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పి, గుప్పెడు కాయలు తీసి, ఒకదాన్ని విరిచి, రంగూ తేమా చూసి రేటు చెబుతాడు. ఆ రేటు ఎందుకో పక్కనే నిలబడ్డ రైతుకు చాలాసార్లు తెలియదు. కానీ అంతకన్నా పెద్ద కారణం అప్పు. కౌలుకూ పురుగుమందులకూ కమీషన్ వ్యాపారి దగ్గర ముందుగా డబ్బు తెచ్చుకున్న రైతు పంటను అతని కొట్టుకే దించాలి. యార్డులో కొనేవాళ్లు ఎందరున్నా ఆ రైతు వరకు తలుపు ఒక్కటే. పామాయిల్ రైతును గెల కట్టేసింది, మిర్చి రైతును బాకీ కట్టేసింది.

2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ ఆన్‌లైన్ వేలం మంచి ప్రయత్నమే, కాని అది ధర పలికేవాళ్లను పెంచగలదు గానీ రైతు బాకీని తీర్చలేదు. మిర్చికి ఉన్న ఒక మేలు ఆగగలగడం: కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి రంగు చెడకుండా ఉంటుంది. అయితే అద్దె, వడ్డీ భరించగలవాడికే అది మేలు. ధర కుప్పకూలిన 2025లో, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల మార్కెట్ జోక్యం ధర (ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకోవడానికి ప్రభుత్వం కట్టే ధర) ప్రకటించవలసి వచ్చిన ఆ సీజన్‌లో, పాత సరుకు నిల్వ పెట్టుకుని ఎదురుచూసినవాళ్లు కూడా నష్టపోయారు.

ప్రశ్న: పత్తి విత్తనాలకు కంపెనీలు లెక్కలేనన్ని ఉన్నా ప్యాకెట్ ధర అందరిదీ ఒక్కటే ఎందుకు?
– ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ఇప్పుడు ఆ ధరను కేంద్రమే నిర్ణయిస్తోంది కాబట్టి. 2025 సీజన్‌కు బీజీ-2 (పురుగును తట్టుకునే జన్యువు చొప్పించిన బీటీ పత్తిలో రెండో తరం) ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. అంతకు ముందు కథ వేరు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కంపెనీల పేర్లు పెరిగాయి గానీ, దాదాపు అందరూ వాడిన జన్యువు మహికో మోన్‌శాంటో నుంచి లైసెన్సు తీసుకున్నదే. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటితే అందులో 1,250 ఆ జన్యువుకు కట్టే రుసుమే. పైన వంద పేర్లు, అడుగున ఒక్కటే మూలం. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లి పోరాడాకే ఆ సీజన్‌లో ప్యాకెట్ 750కి దిగింది. ఒక రాష్ట్రం రైతుల పక్షాన చేసిన మంచి పనుల్లో దాన్ని నేను ముందు వరుసలో పెడతాను. 2015 డిసెంబరు ఉత్తర్వుతో ధర నియంత్రణ దేశమంతటికీ వచ్చింది. జన్యు రుసుము 2016లో 49 రూపాయలకు, 2020కి సున్నాకు చేరింది.

ధర తగ్గింది, ఎంపిక మాత్రం పెరగలేదు. బీజీ-2కు గులాబీ రంగు పురుగు లొంగడం మానేసినా దాని స్థానంలో అనుమతి ఉన్న కొత్త రకం లేదు. ఆ ఖాళీలోకే కలుపుమందు తట్టుకుంటుందంటూ బీజీ-3 పేరుతో అనుమతి లేని విత్తనం దొంగచాటుగా ఊళ్లలోకి వస్తోంది. మొలక రాకపోయినా, పంట పోయినా అలాంటి ప్యాకెట్‌కు బిల్లు ఉండదు, పరిహారం అడగడానికి కంపెనీ పేరు కూడా ఉండదు. లాట్ నంబరు వేసిన బిల్లు ఇచ్చే కొట్టులోనే విత్తనం కొనండి, పంట ఇంటికి చేరేదాకా ఆ బిల్లునూ ఖాళీ ప్యాకెట్‌నూ దాచి ఉంచండి.