మిషన్ మోగితే బంగారం ఉన్నట్టేనా?

నేల, రాయి, నీరు గురించి పాఠకులు అడిగే సంగతులకు ఈ శీర్షికలో జవాబులు రాస్తున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మెటల్ డిటెక్టర్ల గురించే. వాటిని చదువుతుంటే నాకు టెన్షన్ మొదలైంది. అప్పు చేసి మిషన్ కొన్నవాళ్లున్నారు, కొనబోతున్నవాళ్లున్నారు. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి వీటికే జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాది ములుగు దగ్గర పల్లె మేడమ్. మా బామ్మర్ది బంగారం పట్టే మిషన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చాడు. ఇంట్లో గచ్చు మీద ఉంగరం పెడితే చక్కగా పడుతుంది. చెల్క మీదికి తీసుకుపోతే మాత్రం ఎక్కడ పెట్టినా మోగుతూనే ఉంటుంది. నాలుగు చోట్ల మోకాలి లోతు తవ్వినం, ఏమీ లేదు. ఇంకా లోతుకు పోవాల్నా, లేక మిషన్ పాడైందా? (ఒక రైతు)

జవాబు: తవ్వకం ఆపు తమ్ముడూ. మిషన్ బాగానే ఉంది. అది మోగేది మీ మట్టికే.

పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్‌లో పెట్టి, ఎండిన చెల్కలో ఇటూ అటూ లాగు. కవర్‌కు నల్లటి పొడి గడ్డంలా నిక్కబొడుచుకుని లేస్తుంది. కాగితం మీద పట్టి లోపలి అయస్కాంతం తీసేస్తే పొడి రాలిపోతుంది. అది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. వాన వెలిశాక వాగు ఇసుక మీద కనిపించే నల్లటి చారల్లోనూ ఎక్కువగా ఉండేది ఇదే. మన కింద ఉన్న గ్రానైట్ లాంటి రాళ్లలోనూ, వాటిని చీల్చుకుని పైకొచ్చిన డోలరైట్ నల్లరాతి కట్టల్లోనూ ఇది ఉంటుంది. రాయి చివికి మట్టయ్యేటప్పుడు తేలికగా కరిగేవి వాననీటితో పోతాయి, ఇనుము నేలలో మిగిలిపోతుంది. చెల్కకు ఆ ఎరుపు ఇనుము తుప్పు వల్ల వచ్చిందే.

మిషన్ అడుగున గుండ్రంగా ఉండే కాయిల్‌లో ఒక తీగచుట్ట సెకనుకు వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. లోపల లోహముంటే అందులో కరెంటు సుళ్లు పుడతాయి. ఆ సుళ్ల క్షేత్రాన్ని రెండో తీగచుట్ట అందుకుంటుంది. చిక్కేమిటంటే ఇనుప ఖనిజమున్న మట్టి కూడా జవాబిస్తుంది. బియ్యపు గింజంత బంగారం ఇచ్చే జవాబు ముందు, దాని చుట్టూ ఉన్న తట్టెడు ఎర్రమట్టి ఇచ్చేది ఎన్నో రెట్లు పెద్దది. ఇంట్లో ఉంగరం పట్టిన మిషన్ చెల్కలో గందరగోళపడటానికి కారణం ఇదే. గచ్చు మీదో గాలిలోనో చేసిన పరీక్షను నమ్మి ఏ మిషన్ లోతునూ లెక్కవేయవద్దు.

దీనికోసమే మిషన్‌లో గ్రౌండ్ బ్యాలెన్స్ అనే ఏర్పాటు ఉంటుంది. కొన్నింటిలో దానంతట అదే జరుగుతుంది, కొన్నింటిలో చేత్తో తిప్పుకోవాలి. కింద లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ను నేలకు రెండు వేళ్ల ఎత్తు నుంచి మూరెడు ఎత్తు వరకు పైకీ కిందికీ నెమ్మదిగా ఆడించాలి. కిందికి దించినప్పుడు మోత పెరిగినా, తగ్గినా బ్యాలెన్స్ కుదరనట్టే. పైనా కిందా ఒకే తీరుగా సన్నగా వినిపించే వరకు సవరించాలి. నాలుగు అడుగులేసి మట్టి రంగు మారితే మళ్లీ చేయాలి. ఎర్రచెల్క నుంచి దుబ్బకు, దుబ్బ నుంచి నల్లరేగడికి మారితే తప్పనిసరి.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ నమ్మరు. సెన్సిటివిటీని చివరిదాకా పెంచితే లోతుకు చూస్తుందనుకుంటారు. ఇనుమున్న నేలలో జరిగేది దానికి తలకిందులు. మట్టి గోల పెరిగి అసలు సంకేతం మునిగిపోతుంది. అక్కడ దాన్ని తగ్గించాలి, పెద్ద కాయిల్ తీసి చిన్నది వేయాలి. చిన్న కాయిల్ కింద ఒకసారికి వచ్చే మట్టి తక్కువ కాబట్టి గోల కూడా తక్కువ. ఇనుమును వదిలేసి మిగతా లోహాలకే మోగమని చెప్పే డిస్క్రిమినేషన్‌ను కూడా ఇలాంటి చోట నమ్మలేం. మట్టి ప్రభావంతో సన్న బంగారం ఇనుములా కనిపించి మిషన్ దాన్ని మింగేస్తుంది.

మీ ఊళ్లో పాటిగడ్డ, అంటే పాత ఊరి దిబ్బ ఉందా? పాత కుండ పెంకులు, ఇటుక ముక్కలు కూడా మోగుతాయి. బంకమట్టిని కాల్చినప్పుడు అందులోని ఇనుము రూపం మారి అయస్కాంత గుణం పెరుగుతుంది. ఏళ్ల తరబడి మంట పెట్టిన చోటు కూడా అంతే. వీటన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది చిట్టెం. వెనుకట మన పల్లెల్లో కొలిమి పెట్టి ఇనుము తీసినచోట పారబోసిన నల్లటి, బరువైన, అక్కడక్కడా బొక్కలుపడ్డ గడ్డలవి. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కత్తుల కోసం దూరదేశాల దాకా పోయింది. ఉత్తర తెలంగాణలో అలాంటి కొలిములు చాలా ఊళ్లలో ఉండేవి, వాటి చిట్టెం ఇప్పటికీ చేన్లలో దొరుకుతుంది. మిషన్ మీద దాని మోత గట్టిగా, ఆశపెట్టేలా ఉంటుంది. మీ గుంతల్లోంచి తీసిన మట్టిలో అలాంటి గడ్డలున్నాయేమో చూడండి. ఉంటే పారేయకండి. అది మన తాతల పనితనానికి సాక్ష్యం, పురావస్తు శాఖవాళ్లకు చెప్పదగినది.

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ఒకాయన మిషన్‌తో పిడికెడంత బంగారు గడ్డలు తీసే వీడియోలు చూశాను. అక్కడి నేల కూడా ఎర్రగానే ఉంది. అదే మిషన్ తెప్పిస్తే ఇక్కడ దొరకదా? (హనుమకొండ నుంచి ఒక యువకుడు)

జవాబు: అక్కడ దొరకడం నిజమే. 1980లో విక్టోరియా రాష్ట్రంలో డిటెక్టర్‌తో దొరికిన 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' అనే గడ్డ బరువు 27 కిలోల పైమాటే. ఆ ఎర్రనేల కూడా మన నేలలాగే మిషన్లను ఏడిపించింది. అందుకే పల్స్ ఇండక్షన్ పద్ధతి అక్కడ అంతగా వాడుకలోకి వచ్చింది. మైన్‌ల్యాబ్ కంపెనీ 1995లో ఆ పద్ధతితో ఎస్‌డీ 2000 అనే బంగారం డిటెక్టర్ తెచ్చింది. ఇందులో కాయిల్ ఆగకుండా క్షేత్రం పంపదు. ఒక్కసారి కొట్టి ఆపేస్తుంది, సెకనులో పది లక్షల వంతులు కొన్ని ఆగి, అప్పుడు వింటుంది. మాగ్నటైట్ జవాబు క్షేత్రం ఆగగానే ఆగిపోతుంది. బంగారంలో పుట్టిన సుళ్లు ఇంకాసేపు నిలుస్తాయి. ఆ తేడానే పట్టుకుంటుంది. అయితే మాగ్హమైట్ లాంటి కొన్ని సన్నటి ఇనుప రేణువులు కూడా ఆలస్యంగా చల్లారుతాయి, కాబట్టి ఆ మిషన్లకూ గ్రౌండ్ బ్యాలెన్స్ తప్పలేదు. చవుడు నేల తడిసినప్పుడు అందులోని ఉప్పు కూడా అడ్డుపడుతుంది. వినే సమయం ఇంకా ఆలస్యం చేస్తే ఆ గోల తగ్గుతుంది గానీ, దానితో పాటే సన్న బంగారమూ జారిపోతుంది.

ఇంత చేసినా మిషన్‌కు కావలసింది ముద్దగా ఉన్న బంగారం. మన దక్షిణాదిన గనుల్లో ఎక్కువగా దొరికేది అలాంటిది కాదు. కర్ణాటకలో కోలారు గనులు 2001లో మూతపడ్డాయి, రాయచూరు జిల్లాలో హట్టి నడుస్తోంది. హట్టి ఖనిజం టన్ను రాయికి కొన్ని గ్రాముల బంగారం. అక్కడి రాతి ముక్కను క్లాసులో చేతికిస్తే పిల్లలు తిప్పి తిప్పి చూసి "బంగారం ఏది మేడమ్?" అని అడిగేవారు. బూడిద రంగు రాయి, గంధకం కలిసిన సల్ఫైడ్ ఖనిజాల సన్నటి మెరుపులు, అంతే. కంటికి కనబడనంత సన్నగా చెదిరిన ఆ బంగారానికి ఏ డిటెక్టరూ మోగదు. దాన్ని రాయి నలగ్గొట్టి ల్యాబ్‌లో పరీక్షించే తెలుసుకుంటారు. ఆ మిషన్‌కు పెట్టే డబ్బుతో నీ చదువు పూర్తి చేసుకో బిడ్డా.

ప్రశ్న: ఫోన్‌లో గోల్డ్ డిటెక్టర్ యాప్ వేసుకున్నాను. పనిచేస్తుందా?

జవాబు: చేయదు. ఫోన్‌లో ఉన్నది దిక్సూచికి వాడే అయస్కాంత సెన్సార్. బంగారం అయస్కాంతానికి లొంగే లోహం కాదు. మీ గొలుసును ఫోన్‌కు ఆనించి చూడండి, అంకె కదలదు. ఇనుప మేకు ఆనించండి, ఎగిరిపోతుంది.

ప్రశ్న: జగిత్యాల నుంచి రాస్తున్నాను. ఒక ఏజెంటు చేతిలో పట్టుకునే పిడికి యాంటెనా ఉన్న మిషన్ చూపించాడు. అర కిలోమీటరు దూరంలో ఉన్న లంకెబిందెల వైపు అది తనంతట తిరుగుతుందట. మా బంధువులు నలుగురు కలిసి కొంటున్నారు. నన్నూ వాటా వేయమంటున్నారు. (ఒక గృహిణి)

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకమ్మా. నిజమైన డిటెక్టర్ చిన్న వస్తువును అంగుళాల లోతులో, బాగా పెద్ద లోహపు ముద్దనైతే ఇంకొంత లోతులో పడుతుంది. అర కిలోమీటరు అవతలి బంగారాన్ని గుర్తించే భౌతిక సూత్రం ఏదీ లేదు. యాంటెనా తిరిగేది పట్టుకున్న చేయి తెలియకుండానే కాస్త వాలడం వల్ల. ఇలాంటిదే ఏడీఈ 651 అనే పరికరాన్ని బాంబులు కనిపెడుతుందని చెప్పి ఇరాక్‌కు అమ్మారు. గోల్ఫ్ బంతులు వెతికేదని అమ్మిన ఆటవస్తువు లాంటి దాన్నుంచి తయారైంది అది. అమ్మిన బ్రిటిష్ వ్యాపారికి 2013లో పదేళ్ల జైలు పడింది. దాన్ని నమ్మి చెక్‌పోస్టుల్లో నిలబడ్డ జవాన్ల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగులుతుంది.

మీవాళ్లను ఆపాలంటే ఇలా చేయండి. ఒకే తీరు డబ్బాలు పది తెచ్చి, ఏజెంటు లేనప్పుడు ఒక్కదాంట్లో మీ గాజులు పెట్టి మూత వేయండి. పెట్టినవాళ్లు పక్కకు తప్పుకోవాలి. ఆ తర్వాత ఏజెంటును పిలిచి ఏ డబ్బాలో ఉందో చెప్పమనండి. డబ్బాలు మార్చి మార్చి మళ్లీ మళ్లీ అడగండి. 'ఇవాళ గాలి బాగాలేదు, నగలకు పనిచేయదు, పాతిపెట్టి వందేళ్లయి ఉండాలి' అంటే అదే మీకు జవాబు.

ప్రశ్న: మంగపేట దగ్గర గోదావరి ఇసుకలో వెనుకట బంగారం కడిగేవారని మా తాత చెప్పేవాడు. నిజమేనా? అక్కడ డిటెక్టర్ వాడొచ్చా? (ఏటూరునాగారం)

జవాబు: మీ తాత మాట కొట్టిపారేయదగింది కాదు. ఆ వైపు ఇసుక కడిగి బంగారం తీసేవారని బ్రిటిష్ కాలపు భూగర్భ రాతల్లో ఉంది. కానీ అది ఇసుకలో కలిసిన పొడి. బంగారం బరువు నీటికి 19 రెట్లు, మాగ్నటైట్‌ది 5 రెట్లు, మామూలు ఇసుకది రెండున్నర రెట్ల పైచిలుకు. తట్టలో నీళ్లతో తిప్పితే తెల్ల ఇసుక ముందు పోయి, నల్ల ఇసుక మిగిలి, ఉంటే దాని అడుగున పసుపు నలుసు మిగులుతుంది. డిటెక్టర్ మాత్రం ఆ నలుసును వదిలేసి నల్ల ఇసుకకు మోగుతుంది.

ఇక చట్టం. 1957 గనుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా బంగారం కోసం అన్వేషణ చేయకూడదు, సొంత పట్టా భూమైనా సరే. మీ దగ్గర అభయారణ్యం కూడా ఉంది, అటవీ చట్టాలు అదనం. రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్ల లోపు నిషేధిత ప్రాంతం. గుడి వెనక, కోటగోడ పక్కన మిషన్ పట్టుకుని తిరిగేవాళ్లు కనబడితే పోలీసులకు చెప్పండి. గుప్తనిధి పేరుతో శిల్పం పగిలితే దాన్ని మళ్లీ ఎవరూ చెక్కలేరు.

ప్రశ్న: మేడమ్, మా చెరువు మత్తడి దగ్గర ఇసుకలో పసుపు రేకులు మెరుస్తున్నాయి. ఇవి బంగారమా? (తొమ్మిదో తరగతి విద్యార్థిని, నర్సంపేట)

జవాబు: ఒక రేకును గుండుసూది మొనతో నొక్కు. పొరలుగా చీలితే మైకా. మన గ్రానైట్‌లోని నల్ల మైకా చివికినప్పుడు అచ్చం బంగారు రంగుకు వస్తుంది. గింజలా ఉండి, నలిపితే నల్లటి పొడి అయితే పైరైట్. బంగారమైతే చీలదు, పొడి కాదు, మెత్తగా సాగి చప్పిడవుతుంది. నీడలోకి తీసుకెళ్లి కూడా చూడు. మైకా ఒక వైపు తిప్పినప్పుడే తళుక్కుమంటుంది, బంగారం ఎటు తిప్పినా అదే పసుపు. నీవి మైకా రేకులే అయ్యుంటాయని నా అంచనా. రెండు రేకులు అగ్గిపెట్టెలో వేసి, ఏ చోట తీశావో కాగితం మీద రాసి పంపు. చూసి వచ్చే సంచికలో చెబుతాను.